సూది ఎక్కడ తప్పింది, ఎక్కడ తప్పలేదు

మోచేతి మడత పైన రబ్బరు పట్టీ బిగించి, వేలితో తట్టి చూసి, "నరం దొరకట్లేదండీ, ఆ చెయ్యి ఇవ్వండి" అంటారు ల్యాబ్ టెక్నీషియన్. పెద్దవాళ్లకు అది నిమిషం పాటు నొప్పి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. కిలో బరువున్న పసికందు ఒంట్లో ఉండే రక్తం మొత్తం 80 నుంచి 90 మిల్లీలీటర్లు. ఒక్క మిల్లీలీటరు తీసినా అందులో నూరో వంతుకు పైగా పోయినట్టే. పరీక్షలు వరసగా పడితే తీసినంత రక్తం మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. పెద్దల ఐసీయూల్లోనూ ఈ బెడద ఉంది. రోగి నుంచి రోజుకు సగటున 41 మిల్లీలీటర్ల రక్తం పరీక్షలకే పోతోందని 2002లో వెలువడిన ఒక ఐరోపా అధ్యయనం లెక్క తేల్చింది. సూది లేని పరీక్ష అంటే నొప్పికి భయపడేవాళ్ల ముచ్చట అనుకునేవారు ఈ అంకెలు చూడాలి.

బోలు సూదిని 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, లియాన్‌లో చార్ల్స్ ప్రవాజ్ ఎవరికి వారే వాడకంలోకి తెచ్చింది మందు లోపలికి పంపడానికి. దాంతో రక్తం బయటికి లాగడం పరీక్షలు పెరిగాక వచ్చిన అవసరం. 1940ల చివర్లో జోసెఫ్ క్లైనర్ గాలి తీసేసిన గాజు ట్యూబు తయారుచేశాడు. సూది నరంలో ఉండగానే ట్యూబు తగిలిస్తే లోపలి ఖాళీయే రక్తాన్ని లాక్కుంటుంది. ఖాళీ ఎంతుంటే రక్తం అంత. ఒక్కసారి గుచ్చితే రంగురంగుల మూతల ట్యూబులు నాలుగైదు నిండుతాయి. తీయడం ఇంత తేలికయ్యాక, అడగడం కూడా తేలికైపోయిందనే నేననుకుంటాను.

విచిత్రంగా షుగర్ పరీక్ష సూది లేకుండానే మొదలైంది. మధుమేహం అన్న పేరులోనే మూత్రపు తీపి ఉంది. తర్వాతి రోజుల్లో నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచేవారు. అది ఆకుపచ్చకు, పసుపుకు, చివరికి ఇటుక ఎరుపుకు తిరిగేకొద్దీ షుగర్ ఎక్కువున్నట్టు. 1956లో ఆల్‌ఫ్రెడ్, హెలెన్ ఫ్రీ దంపతుల కృషితో, ముంచి తీస్తే రంగు మారే క్లినిస్టిక్స్ పట్టీ వచ్చింది. అయితే రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గాని మూత్రంలోకి దిగదు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పబోతున్నా పట్టీ రంగు మారదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు అసలు ప్రమాదం అక్కడే. అందుకే 1960ల మధ్యలో వేలి చుక్కతో చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ వచ్చింది. నొప్పి లేని పరీక్షను కాదని నొప్పి ఉన్నదాని వైపు వెళ్లారంటే, ఆ చుక్కలో దొరికే కబురు అంత విలువైనదన్నమాట.

సూది బాగా వెనక్కి తగ్గింది ఆక్సిజన్ దగ్గర. అంతకుముందు రక్తంలో ఆక్సిజన్ కచ్చితంగా ఎంతుందో చూడాలంటే మణికట్టు దగ్గర ధమనిలోనే గుచ్చాలి. చేయి మడతలో గుచ్చినదానికంటే అది బాగా నొప్పి. జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజినీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో వేరే పని మీద ఉన్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా కాంతి పంపి, గుండె ఎంత రక్తం తోడుతోందో కొలవాలని అతని ప్రయత్నం. కాగితం మీద గీత నున్నగా రావాల్సింది పోయి నాడి కొట్టుకున్నప్పుడల్లా వణికేది. ఆ వణుకు చెరపడానికి ఇంకో రంగు కాంతి జోడించాడు. చెరిగింది. కాని ఆక్సిజన్ మారిందంటే మళ్లీ వణుకే. నాడితో పాటు ఎగసిపడేది ధమని రక్తం ఒక్కటే. చర్మం, ఎముక కదలవు. కనుక రెండు కాంతుల్లో ఆ వణుకుల తేడా చూస్తే ధమనిలో ఆక్సిజన్ ఎంతో తెలిసిపోతుంది. 1974లో అతను ఈ పద్ధతిని బయటపెట్టాడు. కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సిమీటర్ ఇదే. 2020 ఏప్రిల్‌లో, దాని అవసరం లోకమంతా ఎరిగిన ఆ నెలలోనే, అవోయాగి కన్నుమూశాడు.

అదే ఏడాది చివర్లో అమెరికా ఆసుపత్రుల రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనం వెలువడింది. ఆక్సిజన్ పడిపోయినా మీటరు బాగానే ఉందని చూపిన సందర్భాలు తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లున్నాయని అది చూపింది. కాంతి చర్మం దాటి వెళ్లాలి కాబట్టి చర్మపు రంగు అడ్డొస్తుంది. నల్లటి మేనిఛాయ ఉన్నవాళ్లు ఆ అంకెను ఒళ్లు చెప్పే లక్షణాలతో కలిపి చదువుకోవాలి.

పసిపిల్లల కామెర్లకూ కాంతి పనికొచ్చింది. బిడ్డ నుదుటి మీద వేలితో అదిమి వదిలితే రక్తం పక్కకు జరిగి పసుపు బయటపడుతుంది. జపాన్‌లో యమనౌచి బృందం 1980లో పరిచయం చేసిన పరికరం చేసేదీ అదే. నుదుటికి ఆనించి కాంతి మెరిపించి ఆ పసుపును కొలుస్తుంది. దాంతో ఎందరో బిడ్డలకు మడమ మీద పోటు తప్పింది. చికిత్స మొదలుపెట్టాల్సిన హద్దు దగ్గరికి అంకె వచ్చిందంటే మాత్రం రక్తం తీసే నిర్ధారించుకుంటారు.

రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఎరుపు, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ పసుపు. వాటికి తమ రంగు ఉంది కనుక కాంతికి దొరికాయి. గ్లూకోజ్‌కు రంగు లేదు. పరారుణ కాంతిలో దాని జాడ ఉన్నా ఒంట్లోని నీరు ఆ జాడను ముంచేస్తుంది. చర్మపు వేడి, చెమట, మీటరు ఆనించే ఒత్తిడి ఏ కొంచెం మారినా అంకె తారుమారు. ఎన్నో కంపెనీలు ఇక్కడే ఆగిపోయాయి. 2001లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన గ్లూకోవాచ్ అనే చేతి వాచీ కాంతిని వదిలి సన్నటి కరెంటుతో చర్మం లోంచి ద్రవాన్ని పైకి లాగింది. చర్మం ఎర్రబడి మండేది, చెమట పడితే కొలత ఆగిపోయేది. పైగా దాన్ని సరిచేయడానికి వేలు గుచ్చుకోక తప్పేది కాదు. కొన్నేళ్లకే మార్కెట్ నుంచి పోయింది. షుగర్‌ను రోజంతా కొలుస్తూ ఉండే ఈనాటి సీజీఎం బిళ్లలు నమ్మకంగా పనిచేస్తున్నాయంటే, చర్మం కింద ఉండిపోయే సన్నటి తీగ వల్లే. చర్మం గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు వేటికీ అనుమతి ఇవ్వలేదనీ వాడవద్దనీ 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు. అలాంటి వాచీల ప్రకటన చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది ఇందుకే.

సూదిని తప్పించలేని చోట రక్తాన్నైనా తగ్గించాలని చూసినవాళ్లున్నారు. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ నవజాత శిశువు మడమ నుంచి తీసిన చుక్కల్ని ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి, ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బును పట్టుకున్నాడు. మడమ వెచ్చబరిచి, అంచున గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కలతో కాగితం మీది వలయాలు నింపుతారు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. వేలి చుక్కతో అన్ని పరీక్షలూ చేస్తామన్న అమెరికా కంపెనీ థెరానోస్ కూలిపోయింది, దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ 2022లో మోసం కేసులో దోషిగా తేలింది. వేలిని పిండితే కణజాల ద్రవం రక్తంలో కలుస్తుంది, ఎర్ర కణాలు పగిలి పొటాషియం లేనిపోని అంకె చూపుతుంది. ఆ మాట ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ముందునుంచీ ఎరిగిందే.

ఆసుపత్రిలో పడకమీద ఉన్నవాళ్లకు ఇంకో దారి దొరికింది. 2015లో ఎఫ్‌డీఏ అనుమతించిన పీవో అనే పరికరం, సెలైన్ కోసం ముందే పెట్టిన కాన్యులా లోంచి సన్నటి గొట్టాన్ని నరంలోకి జరిపి రక్తం తీస్తుంది. కొత్తగా గుచ్చే పని లేదు. కానీ తీసే రక్తం తగ్గదు.

అది తగ్గించడానికి కెనడాలోని 25 ఐసీయూల్లో చేసిన పని చాలా మామూలుది. తక్కువ ఖాళీతో, దాదాపు సగం రక్తమే లాక్కునే ట్యూబులు వాడి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. పరీక్షకు రక్తం చాలకపోవడం అన్నది దాదాపు ఎదురుకాలేదు. ఇన్నేళ్లూ మిగతా సగం ల్యాబ్ చెత్తబుట్టలోకే పోయింది.