చుట్టూ తిరిగి ముందే చేరిన విమానం

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి గాల్లో ఎంత దూరమో లెక్క కడితే సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. అంతకంటే దగ్గరి దారి లేదు. అయితే 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య నాన్‌స్టాప్ విమానం మొదలుపెట్టినప్పుడు అది వెళ్లింది ఈ దారిన కాదు. పడమరగా యూరప్, అట్లాంటిక్ దాటుకుంటూ సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది.

2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుకు తిప్పారు. పసిఫిక్ మీదుగా దూరం 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారిలో కంటే దాదాపు రెండు గంటలు ముందు!

ఈ తేడా అంతా గాలిదే. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున, జెట్ విమానాలు ఎగిరే చోటే, పడమర నుంచి తూర్పుకు గాలి నదుల్లా పారుతుంటుంది. వీటినే జెట్ స్ట్రీమ్స్ అంటారు. ఉష్ణమండలపు వేడిగాలికీ ధ్రువాల చల్లగాలికీ మధ్య తేడా వీటిని పుట్టిస్తుంది, భూభ్రమణం వాటిని తూర్పుకు మళ్లిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి వేగం కూడా పెరిగి, ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలుల్ని కొలిచారు. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన కృత్రిమ భాషలో ప్రచురించారు. పాపం, చదివినవాళ్లు తక్కువే.

భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి గమ్యమే ఎదురొస్తుందిగా అని కొందరికి అనుమానం. భూమితో పాటే గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోనే విమానమూ ఎగురుతుంది. కాబట్టి ఆ లాభమేమీ ఉండదు.

ఆ 2016 ప్రయాణంలో నేల మీది లెక్కన సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు పడుతుంది. ఆ ఎత్తులో ధ్వని వేగానికి దాదాపు సమానం. 2019 ఫిబ్రవరిలో అమెరికా మీద ఒక ప్రయాణికుల విమానం కాసేపు 1,280 దాటింది కూడా. అయినా రెండూ ధ్వని వేగాన్ని మించలేదు, ఎందుకంటే ఆ లెక్క చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూడాలి. గాలిలో విమానం వేగం ఎప్పటిలా 900 దగ్గరే ఉంటుంది, మిగతాది గాలి ఇచ్చిన తోపు.

టికెట్ మీది టైములు చూస్తే ఇంకో తమాషా. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో బయల్దేరిన ఆ విమానం, దారిలో దినరేఖ (పసిఫిక్ మధ్యలో తేదీ మారే ఊహారేఖ) దాటి శనివారంలోకి వెళ్లి, మళ్లీ ఆదివారం పొద్దున్నే అమెరికాలో దిగింది. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా, అదీ తూర్పుకే. అంటే రానూపోనూ కలిపి భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చిందన్నమాట.