వీలునామా: నా దగ్గరికొచ్చేవాళ్లు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

సివిల్ కేసులు చూసే ప్లీడర్ని నేను. వీలునామా రాయించుకోవడానికి వచ్చేవాళ్ల కంటే, ఇంటిపెద్ద అది రాయకుండా పోవడం వల్ల చిక్కుల్లో పడి వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ. నిజానికి వాళ్లలో చాలామంది మంచివాళ్లే. పోయినాయన ఎవరికి ఏం ఇద్దామనుకున్నారో ఇంట్లో అందరికీ తెలుసు, కానీ కాగితం లేదు కాబట్టి చట్టం తన లెక్క ప్రకారం పంచేస్తుంది. కింద రాసింది హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తించేవాళ్ల గురించి. ముస్లింలకు, క్రైస్తవులకు నియమాలు వేరు.

అపోహ: "మా ఆయన పోతే ఆయన ఆస్తంతా నాదే కదా!"

కాదండీ. భర్త వీలునామా రాయకుండా పోతే భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమాన వాటాలు వస్తాయి. భార్య, ఒక పాప, తల్లి ఉంటే ఆయన సొంత డబ్బుతో కొన్న ఫ్లాట్ మూడు వాటాలు అవుతుంది. అత్తగారు ప్రేమగానే ఉండొచ్చు, కానీ రేపు ఆవిడా వీలునామా లేకుండా పోతే ఆ మూడో వాటా మనవరాలితో పాటు ఆవిడ మిగతా పిల్లలకూ వెళ్తుంది, అంటే మరుదులూ ఆడపడుచులూ సంతకం పెడితే గానీ ఆ ఫ్లాట్ అమ్మలేరు. ఈఎంఐ మాత్రం ఈ అమ్మాయే కడుతూ ఉంటుంది. ముప్పై ఐదేళ్లకే వీలునామా ఏంటి అనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: "అన్నిటికీ నామినీ పెట్టేశాను, ఇంక టెన్షన్ లేదు."

బ్యాంకు డిపాజిట్లకు నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. తీసుకున్నాక వారసులకు లెక్క చెప్పాల్సిందే. షేర్ల విషయంలో కూడా ఇంతేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమా కొంచెం వేరు, 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరినైనా నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్లకే చెందేలా మార్చారు. ఖాతా తెరిచిన రోజు వెంట వెళ్లాడని పెద్దకొడుకు పేరు రాసేస్తారు, పదిహేనేళ్ల తర్వాత చెల్లెళ్లు "అన్నయ్య మొత్తం కొట్టేశాడు" అంటారు, అన్నయ్యేమో "నాన్నే నా పేరు రాశారు" అంటాడు. ఇద్దరూ నమ్మే మాట్లాడుతుంటారు.

అపోహ: "స్టాంపు పేపర్ మీద రాసి రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుంది."

తెల్లకాగితం చాలు. మీ సంతకం, అది చూసి మీ ఎదురుగా సంతకం పెట్టే ఇద్దరు సాక్షులు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించుకోమనే చెబుతాను.

అసలు చిక్కు సాక్షులతో వస్తుంది. ఒక కేసులో ట్రంకు పెట్టెలో బట్టల కింద వీలునామా దొరికింది. నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు, తేదీతో సహా అన్నీ ఉన్నాయి. సాక్షులిద్దరూ ఆయన ఈడువాళ్లే, కేసు విచారణకు వచ్చేసరికి ఇద్దరూ లేరు. వాళ్ల సంతకాలు గుర్తుపట్టేవాళ్ల కోసం పాత చీటీ పుస్తకాలు పట్టుకుని ఊరంతా తిరిగాం. అందుకే మీకంటే చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను సాక్షులుగా పెట్టుకోండి.

అపోహ: "ఇప్పుడే పిల్లల పేర రాసేస్తే గొడవే ఉండదు."

గిఫ్ట్ గానీ సెటిల్‌మెంట్ గానీ రిజిస్టర్ చేశాక ఆస్తి ఇక మీది కాదు. వీలునామా అయితే బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇవ్వక తప్పదనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలి అనే షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. ఆ షరతు ఉండి పిల్లలు మాట తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. షరతు లేకపోతే చాలా కష్టం.

అపోహ: "ఆడవాళ్లకు వీలునామా ఎందుకు?"

నన్ను బాగా బాధపెట్టే మాట ఇది. భర్త పోయి, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత జీతంతో కొన్నది ముందు భర్త వారసులకు వెళ్తుంది, కన్నవాళ్లది ఆ తర్వాతి వరుస. 2009లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో, పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్లు వెళ్లగొడితే, పుట్టింటివాళ్లు చదివించి ఉద్యోగస్థురాలిని చేసిన ఒకావిడ ఉన్నారు. ఆవిడ సంపాదన చివరికి భర్త వైపువాళ్లకే వెళ్లింది, ఎందుకంటే ఒక్క కాగితం రాయలేదు. జీతం తెచ్చుకునే ప్రతి అమ్మాయికీ ఇది తెలియాలి.

అపోహ: "అమెరికాలో ఉన్నా, ఇక్కడ నాన్న దగ్గర నా జీపీఏ ఉంది."

జీపీఏ అంటే మీ తరఫున పనులు చూడమని ఇచ్చే అధికార పత్రం, ఇచ్చినవాళ్లు పోయిన రోజుతో మామూలుగా అదీ పోతుంది. ఇక్కడి ఇల్లు, పొలం ఎవరికన్నది ఇక్కడి చట్టమే తేలుస్తుంది కాబట్టి వాటికి ఇక్కడి పద్ధతిలో విడిగా వీలునామా రాయండి. కాకపోతే రెండోది రాసేటప్పుడు "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని అలవాటుగా రాసేయకండి, అమెరికాలో రాసుకున్న వీలునామా ఉంటే అదీ కొట్టుకుపోతుంది. చిన్నపిల్లలుంటే, మీరిద్దరూ లేని రోజు వాళ్లకు గార్డియన్ ఎవరో కూడా అందులోనే రాయండి. ఒరిజినల్ ఏ బీరువాలో ఉందో, తాళం ఎక్కడుందో ఇద్దరికి చెప్పి ఉంచండి.