పప్పన్నం ప్రశ్న: అసెక్షువల్ మనుషులూ గోదావరి పెళ్ళిళ్ళూ

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం. తెల్లారితే భీష్మ ఏకాదశి, రథం కదులుతుంది. దేవుడి పెళ్ళి వెంటనే, పెళ్ళి చేసుకోనని ఒట్టు పెట్టుకున్న భీష్ముడి పేరున్న తిథి వస్తుంది. కోనసీమ జనం రెంటికీ దండం పెడతారు. కాబట్టి పెళ్ళి వద్దన్నవాళ్ళంటే ఇక్కడ గౌరవం లేదనడానికి వీల్లేదు. ముమ్మిడివరం బాలయోగి 1946లో తపస్సుకు కూర్చున్నారు. 1985లో పోయేదాకా, శివరాత్రికి ఆయన దర్శనమంటే ఊళ్ళకు ఊళ్ళే కదిలి వెళ్ళేవి.

అయితే ఆ గౌరవానికి ఒక షరతుంది. కోరిక పుట్టాలి, దాన్ని జయించాలి. అసలు కోరికే పుట్టని మనిషి సంగతి ఎవరికీ తోచదు. ఆ మనిషి తపస్సు చెయ్యడు, కాషాయం కట్టడు. పొద్దున ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం బండి మీద కూరలు తెచ్చుకుంటాడు. దారిలో కనిపించినవాళ్ళంతా "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అని, అంటే పెళ్ళెప్పుడని, అడుగుతూనే ఉంటారు. అలాంటివాళ్ళు తమను అసెక్షువల్ అనీ, పొట్టిగా ఏస్ అనీ చెప్పుకుంటున్నారు. ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగకపోవడం, కలిగినా బాగా అరుదుగా కలగడం వాళ్ళ తీరు. వాళ్ళలో ప్రేమ, తోడు కావాలనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అవి కూడా అక్కర్లేదనేవాళ్ళూ ఉన్నారు.

వీళ్ళ గురించి ముందుగా వినపడే మాట, "ఇదంతా ఫోన్లలో పుట్టిన ఫ్యాషన్" అని. పాత కాగితాలు తిరగేస్తే ఆ మాట నిలవదు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే 1948లో మగవాళ్ళ లైంగిక ప్రవర్తన మీద తన పెద్ద పుస్తకం వేశాడు. పూర్తిగా ఆడామగా ఆకర్షణ ఉంటే సున్నా, పూర్తిగా స్వలింగ ఆకర్షణ ఉంటే ఆరు, ఇలా మనుషులను ఒక కొలబద్ద మీద పెట్టాడు. ఆ కొలబద్దకు అందనివాళ్ళు కొందరు తేలారు, ఎవరితోనూ లైంగిక స్పందన లేనివాళ్ళు. వాళ్ళకు 'ఎక్స్' అని గుర్తు పెట్టి పక్కన ఉంచాడు. అంత కష్టపడి లెక్క తీసినాయన ఆ ఎక్స్ దగ్గర ఇంకొంచెం ఆగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 1980లో మైకేల్ స్టార్మ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొలబద్దనే మార్చి, ఆడవాళ్ళ మీదా మగవాళ్ళ మీదా ఆకర్షణ లేనివాళ్ళకు కూడా అందులో ఒక చోటు చూపించాడు.

నాకు వీటికంటే గట్టిగా కనిపించే సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఎయిడ్స్ భయం ముదిరిన రోజుల్లో, 1990-91లో, బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా జనాన్ని లైంగిక జీవితం గురించి అడిగారు. ఆకర్షణ గురించిన ప్రశ్న కింద, 'నాకెప్పుడూ ఎవరి మీదా కలగలేదు' అనే జవాబు కూడా ఉంది. ఆ పాత జవాబులను కెనడాలోని బ్రాక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆంథొనీ బొగార్ట్ తిరిగి లెక్కగట్టి 2004లో ప్రచురించాడు. 1.05 శాతం మంది ఆ జవాబుకే టిక్కు పెట్టారు. వాళ్ళు జవాబిచ్చేనాటికి జనం చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, ఏస్‌ల జెండాలూ లేవు. ఆ శాతాన్ని మన జిల్లాల జనాభాతో గుణించి ఇంతమంది ఉన్నారని చెప్పడం మాత్రం సరికాదు, అది బ్రిటన్ లెక్క.

ఇంటర్నెట్ చేసిందల్లా, విడివిడిగా ఉన్న ఆ ఒక శాతాన్ని ఒకరికొకరికి చూపించడం. 2000లో యాహూలో తమను సరదాగా మానవ అమీబాలు అని పిలుచుకున్నవాళ్ళ గ్రూపు ఒకటి మొదలైంది. మరుసటి ఏడు వెస్లియన్ విశ్వవిద్యాలయ విద్యార్థి డేవిడ్ జే 'ఏవెన్' అనే వేదిక పెట్టాడు. 2010లో నలుపు, బూడిద, తెలుపు, ఊదా చారల జెండా వచ్చింది. అంతకుముందే కుడిచేతి నడివేలికి నల్ల ఉంగరం పెట్టుకోవడం గుర్తుగా మారింది. అదే ఉంగరం పెట్టుకుని రావులపాలెం బస్టాండులో నిలబడితే, శని దోషానికి నాడా ఇనుము ఉంగరం వేయించారు కాబోలు అనుకుంటారు. ఏ శాస్త్రిగారు చెప్పారని అడిగినా అడుగుతారు.

ఇక్కడి సంగతి అర్థం కావాలంటే పెళ్ళి చరిత్ర కొంచెం చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీరు పారింది, వరి పండింది, భూమికి విలువ పెరిగింది. భూమి ఉన్న ఇళ్ళలో పెళ్ళంటే ఎకరాల వ్యవహారం కూడా. పొలం బయటికి పోకుండా మేనరికాలు కలుపుకున్నారు. పిల్ల ఉయ్యాలలో ఉండగానే ఫలానా బావకి అని అనేసుకోవడం మొన్నమొన్నటిదాకా చూశాం. అలాంటి చోట 'నాకు పెళ్ళి వద్దు' అన్న మాట ఒక్కరి ఇష్టంగా ఆగదు. మేనమామకు అవమానం, చెల్లెలి సంబంధానికి అడ్డం, తాతల నాటి పొలానికి వారసుడు లేని లోటు, అన్నీ కలిసి మీద పడతాయి.

ఇదే గోదావరి ఒడ్డున సంస్కరణ కూడా పుట్టింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. దాని వెనక ఉన్న క్రూరత్వం మరచిపోదగ్గది కాదు. బొమ్మలాటల వయసులో పెళ్ళి చేసి, మొగుడు పోతే గుండు చేయించి వంటింట్లో పడేసిన పిల్లలు వాళ్ళు. వాళ్ళకు బలవంతపు ఒంటరితనమే శిక్ష. కాబట్టి పెళ్ళిని అందరి దాకా తీసుకువెళ్ళడమే సంస్కరణ అయింది. తర్వాత వచ్చిన కులాంతర వివాహాలూ ప్రేమ పెళ్ళిళ్ళూ ఆ దారినే నడిచాయి. ఎవరిని చేసుకోవాలన్నది నూరేళ్ళకు పైగా వాదించుకున్నాం. అసలు చేసుకోకపోతే ఏమవుతుందన్నది వాదనకే రాలేదు. మోడులా మిగిలిపోతావా అని బామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అందులో మూర్ఖత్వం ఒక్కటే చూడకూడదు. ఆవిడకు తెలిసిన ఒంటరి ఆడది ఆ గుండు చేయించిన పిల్లే.

అసెక్షువల్ ఆడపిల్లకు ఇక్కడ ఎదురయ్యేది విచిత్రమైన చిక్కు. కాలేజీ రోజుల్లో మగపిల్లల వైపు చూడకపోతే ఆమె బుద్ధిమంతురాలు, తల్లి పెంపకం మంచిది. 'మా పిల్లకి అలాంటి ఆలోచనలే లేవండి' అని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెబుతారు. నిజమే చెబుతున్నారు, కాని అదెంత నిజమో వాళ్ళకు తెలియదు. మూడు నిద్రలు అయ్యేసరికి అదే గుణం తప్పవుతుంది. మొదట సిగ్గంటారు, తర్వాత పొగరంటారు, ఆ తర్వాత ఎవరినో మనసులో పెట్టుకుందంటారు. కొందరు గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టిస్తారు.

మగపిల్లాడిది ఇంకో దారి. బస్టాండు గోడల మీదా లాడ్జీల ముందూ నరాల బలహీనతకు మందిస్తామనే కాగితాలు చూడనివాళ్ళుండరు. కోరిక లేదని స్నేహితుడితో ఒక్కసారి అన్నాడంటే తేలేది ఆ కాగితం కిందే. 'సంసారానికి పనికిరాడు' అన్న మాట ఒక్కసారి ఊళ్ళో పడితే అతని పేరు ముందు అదే ఇంటిపేరు. ఆ భయంతోనే చాలామంది తలవంచి తాళి కట్టేస్తారు.

అసలు వైద్యం కూడా చాలాకాలం వీళ్ళ పక్షాన లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగాల పట్టికలో కోరిక లేకపోవడాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. 1987లో పేరు మార్చింది. ఏస్‌లు దీని మీద వాదన పెట్టుకున్నారు. 2013లో వచ్చిన ఐదో కూర్పులో, తనను తాను అసెక్షువల్‌గా చెప్పుకునే మనిషికి ఆ రుగ్మత ఉన్నట్టు నిర్ణయించకూడదని రాశారు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. ఉన్న కోరిక ఉన్నట్టుండి పోయి, దాంతో మనిషి బాధపడుతుంటే డాక్టరును కలవాల్సిందే. డిప్రెషన్, హార్మోన్ల తేడా, కొన్ని మందులు కారణం కావచ్చు. మొదటినుంచీ అలాగే ఉండి, అలా ఉన్నందుకు తనకే ఇబ్బందీ లేని మనిషికి నయం చెయ్యడానికి ఏముంది?

చట్టం దగ్గరికొస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను 2018లో సుప్రీంకోర్టు పీకినప్పుడు స్వలింగ సంపర్కులకు పెద్ద ఊరట దొరికింది. ఏస్‌లకు అందులో నేరుగా దక్కిందేమీ లేదు, ఎందుకంటే వాళ్ళ ఇబ్బంది నేరశిక్షా స్మృతితో కాదు, పెళ్ళి చట్టంతో. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఎదుటివారి నపుంసకత్వం వల్ల సంసారం జరగకపోతే పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చు. సమర్ ఘోష్ కేసులో 2007లో సుప్రీంకోర్టు, శారీరక అశక్తత గాని సరైన కారణం గాని లేకుండా చాలాకాలం సంసారానికి నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చంది. కోర్టు చూసేది చేతకాదా, చెయ్యనంటున్నారా అని. ఒంట్లో లోపం లేకుండా, మొండితనమూ లేకుండా, ఊరికే ఆకర్షణ లేని మనిషికి ఈ రెండు గదుల్లో ఏదీ సరిపోదు. విడిపోవాలనుకునే జంట కూడా వీటిలో ఒక అబద్ధం ఎంచుకోవాలి, లేదా పరస్పర అంగీకారానికి దిగాలి. ఎదుటివారికీ ఇందులో అన్యాయమే జరుగుతోంది. ముందు చెప్పకుండా కట్టిన తాళికి ఇద్దరూ బలి.

అదే వివాహ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఇంకోటి, విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం. దీన్ని దేశంలో మొదట కొట్టేసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే. 1983లో టి.సరిత కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి, ఇష్టంలేని శరీరాన్ని రాజ్యం పడకగదికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చారు. అసెక్షువల్ అన్న మాట ఆ తీర్పు నాటికి ఇక్కడ ఎవరూ వినలేదు గాని, వాళ్ళకు కావలసిన వాదన దాదాపు అంతా అందులో ఉంది. ఆ మరుసటి ఏడే, 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. భార్య వద్దన్నా భర్త చేసేది అత్యాచారం కిందికి రాదన్న మినహాయింపు, 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా అలాగే ఉంది.

మన దేశంలో ఈ విషయం మీద గట్టిగా పనిచేసినవారిలో డాక్టర్ ప్రగతి సింగ్ ఒకరు. ఆమె దీని గురించి చదవడం మొదలుపెట్టాక, పెద్దలు కుదిర్చే పెళ్ళి తరుముకొస్తోంది, శారీరక సంబంధం మాత్రం వద్దు, ఏం చెయ్యాలంటూ ఆడవాళ్ళ నుంచి సందేశాలు వచ్చాయి. దాంతో అలాంటివాళ్ళు ఒకరినొకరు కలుసుకునే సమావేశాలు పెట్టారు, 'ఇండియన్ ఏసెస్' అనే సమూహం నడిపారు. 2019లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు చేర్చింది.

2016 తర్వాత డేటా చవకయి, ఏస్‌ల గురించిన మాటలు పాలకొల్లు, అమలాపురం ఫోన్లలోకీ వచ్చాయి. కాని వాటిలో ఎక్కువ ఇంగ్లీషులో, పెద్ద నగరాల నుంచి వచ్చినవే. పడకగది అక్కర్లేని తోడు ఏ బెంగళూరులోనో దొరికినా, ఇంట్లో ఒప్పించాల్సింది ఇంకా అందరూ అడిగే సంగతులే: అబ్బాయిది ఏ కులం, ఏ గోత్రం, ఎన్ని ఎకరాలు, జాతకం కలిసిందా. అవన్నీ కలిసి పప్పన్నం పెట్టినా, ఏడాది తిరగ్గానే వీధి అరుగు మీద పెద్దమ్మ అడిగే రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది, "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని.