గుజ్జులోనూ రంగున్న ద్రాక్ష

నల్ల ద్రాక్షను బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపల గుజ్జుకు రంగుండదు. బండి మీద అమ్మే పండైనా, ఫ్రాన్స్ తోటలోదైనా దాదాపు అంతే. రంగంతా తొక్కదే. అందుకే నల్ల ద్రాక్షను తొక్క నాననివ్వకుండా పిండేసి తెల్ల వైన్ కూడా చేస్తారు. పూసా నవరంగ్ పండును కోస్తే మాత్రం బీట్‌రూట్ కోసినట్టు బ్లేడంతా ఎరుపే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మెడలీన్ ఏంజెవిన్‌ను రూబీరెడ్‌తో సంకరం చేసి తీసిన రకమిది. గుజ్జులోని ఎరుపు 1958లో కాలిఫోర్నియాలో విడుదలైన ఆ రూబీరెడ్ నుంచి వచ్చిందే.

మన ఊళ్లలో 'వైన్స్' బోర్డు కింద వైన్ తప్ప అన్నీ అమ్ముడుపోతాయనుకోండి, అది వేరే సంగతి. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఎక్సైజ్ లైసెన్సు తీసుకుని చిన్నగా మొదలుపెట్టేవారికి ఈ పండు ఆశ పెడుతుంది. రంగు ఊరికే వస్తుంది మరి. తిప్పలన్నీ పులుపుతో, వేడితో.

అక్టోబరులో కొమ్మలు కత్తిరించిన తోట ఎండలు ముదిరే వేళకు కోతకొస్తుంది. వేడికి కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని తానే ఖర్చు చేసుకుంటుంది. చక్కెర నూటికి సుమారు 23 పాళ్లకు, అంటే 23 బ్రిక్స్‌కు చేరేదాకా ఆగితే పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత అయిన పీహెచ్ 3.8 దాటిపోవచ్చు. దాని దెబ్బ కంటితోనే చూడొచ్చు. రెండు గిన్నెల్లో చెంచాడు చొప్పున రసం పోసి, ఒకదాంట్లో నిమ్మరసం పిండండి, రెండోదాంట్లో తమలపాకుకు రాసే సున్నం చిటికెడు కలపండి. మొదటిది మెరిసే ఎరుపు. రెండోది నీలంగా, ఆకుపచ్చగా మారి మురికి పడుతుంది. ఆంథోసయనిన్ అనే ఈ రంగు పదార్థానికి ఆమ్లం ఉంటేనే ఎరుపు. పీహెచ్ 3.8 దగ్గర సున్నం కలిపినంత ఘోరం జరగదు గానీ ఎరుపులోని కళ తగ్గుతుంది.

కళ తగ్గితే పోనీ అనుకోవచ్చు, సూక్ష్మజీవులు ఊరుకోవు. తెల్లారి తియ్యగా దిగిన ఈత కల్లు సాయంత్రానికి పుల్లబడేది వాటి వల్లే. నీరా కావాలంటే కుండ లోపల సున్నం పూసి వాటిని ఆపుతారు. వైన్‌లో దారి అటు కాదు, పులుపు వైపు. కాపలాకు వేసే సల్ఫర్ డయాక్సైడ్ కూడా పులుపులోనే బాగా పనిచేస్తుంది: పీహెచ్ 3.4 దగ్గర లీటరుకు 32 మిల్లీగ్రాములు చేసే పనికి 3.8 దగ్గర 79 కావాలి. అంచేత పులియబెట్టక ముందే టార్టారిక్ ఆమ్లం కలపాలి. లీటరుకు గ్రాము కలిపితే పీహెచ్ ఇంచుమించు 0.1 దిగుతుంది. ఒకేసారి గుమ్మరించకుండా, కలిపి కొలిచి మళ్లీ కలపాలి.

కోత తెల్లవారకముందే అయిపోవాలి. తొడిమలు తీసి, గింజ నలగకుండా పండు చితకాలి. సల్ఫర్ డయాక్సైడ్ కోసం వంద కిలోలకు పొటాషియం మెటాబైసల్ఫైట్ 9 గ్రాములు చాలు. మర్నాడు 25 గ్రాముల పొడి ఈస్ట్‌ను పావు లీటరు గోరువెచ్చటి నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, అందులో కొంచెం కొంచెంగా రసం కలిపి అలవాటు చేసి డ్రమ్ములో పోయాలి. చల్లటి రసంలో ఒక్కసారిగా పోస్తే ఈస్ట్ దెబ్బతింటుంది.

పొంగు మొదలయ్యాక థర్మామీటరు చేతిలోనే ఉండాలి. బ్రిక్స్ ఒకటి దిగినప్పుడల్లా రసం సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కుతుంది. మార్చి మధ్యాహ్నం రేకుల షెడ్డులో అసలే 30 డిగ్రీలున్న రసానికి ఇది తోడైతే 35 దాటడం ఎంతసేపు? అక్కడ ఈస్ట్ చతికిలబడుతుంది, మిగిలిన చక్కెర బ్యాక్టీరియా పాలవుతుంది. ఐసు రసంలో వేస్తే నీళ్లు కలిసిపోతాయి; మూత బిగించి గడ్డకట్టించిన 2 లీటర్ల సీసాలు కడిగి దింపి, కరిగినవి మార్చుకుంటూ 28 దాటనివ్వకూడదు. పైకి తేలే తొక్కల్ని రోజుకు మూడు నాలుగుసార్లు లోపలికి నొక్కాలి. వదిలేస్తే ఆ పొర వేడెక్కి, ఎండి, సిర్కా వాసన పడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే చాలాసార్లు ఈస్ట్‌కు నత్రజని చాలలేదని అర్థం.

రెండో రోజుకే రసం సిరాలా కనిపిస్తుంది. అంత రంగు చూసి అప్పుడే పిండేస్తారు. ఈ పండుతో జరిగే పెద్ద పొరపాటు అదే. రంగు నిలవాలంటే వగరు పదార్థాలైన టానిన్లతో జతకట్టాలి, అవి గుజ్జులో కాదు, తొక్కలో గింజలో ఉంటాయి. జతలేని రంగు నిల్వలో వెలిసిపోతుంది. అయిదారు రోజులు ఆగాలి. మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఒక గుక్క పుక్కిలించి చూడాలి. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటే పిండే సమయం వచ్చింది. చేదు తగిలితే గింజ ఎక్కువ దిగింది, ఆ పూటే పిండేయాలి. వంద కిలోలకు 60, 65 లీటర్లు వస్తుంది. దాన్ని గాలికి చోటు లేకుండా నిండుగా పట్టే పాత్రలో పోసి మూతకు, లోపలి వాయువును వదిలి బయటి గాలిని ఆపే ఎయిర్‌లాక్ పెట్టాలి.