పెంట నుంచి దవాఖాన గడప దాకా

అచ్చంపేట దాటి శ్రీశైలం వైపు వెళ్లే దారిలో మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు వస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగే ఈ రహదారి మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మామూలు వాహనాలను పోనివ్వరు. ఫర్హాబాద్ దగ్గర లోపలికి మళ్లితే అప్పాపూర్, రాంపూర్ వంటి చెంచు పెంటలు అడవిలో దూరదూరంగా కనిపిస్తాయి. నెలలు నిండిన స్త్రీని మంచం మీద మోసుకొచ్చారన్న వార్త వచ్చినప్పుడల్లా దారి ఎన్ని కిలోమీటర్లు, అంబులెన్సు ఎంత ఆలస్యం అన్న చర్చ జరుగుతుంది. అది అవసరమైన చర్చే. అయితే దవాఖాన గడప దాకా వచ్చి కూడా లోపలికి అడుగుపెట్టడానికి వెనకాడే మనిషి సంగతి ఆ లెక్కలో ఇమడదు. ఆ వెనకాడడానికి ఒక చరిత్ర ఉంది.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. మైదానపు తెలుగులో పెంట అంటే కసువు, పేడకుప్ప. చెంచులకు పెంట అంటే ఊరు, ఇల్లున్న చోటు. ఓపీ చీటీ రాయించుకునే కిటికీ దగ్గర ఊరి పేరు చెప్పిన మనిషికి ఎదురుగా ఒక నవ్వు కనిపిస్తే, అక్కడి నుంచి ఆ మనిషి నోరు ఎంతవరకు తెరుచుకుంటుందో ఊహించడం కష్టం కాదు. చెంచులు మాట్లాడేదీ తెలుగే కనుక దుబాసీ అవసరం లేదని అందరూ అనుకుంటారు. అర్థమయ్యే భాషలోనే అవమానం మరింత స్పష్టంగా వినిపిస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

ఈ రకమైన జంకును వైద్యం లోపంగా చూడాలన్న వాదన న్యూజిలాండ్‌లో పుట్టింది. అక్కడి ఆదివాసులైన మావోరీల నుంచి వచ్చిన నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ 1980ల చివర సాంస్కృతిక భద్రత అనే భావనకు రూపమిచ్చారు. 1992లో ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ దానిని నర్సుల చదువులో చేర్చింది. రోగి ఆచారాల పట్టిక బట్టీ పట్టడం దీని ఉద్దేశం కాదు. వైద్యం చేసే మనిషి ముందు తన అలవాట్లను, తన అధికారాన్ని, తన వెనుక ఉన్న చరిత్రను గుర్తెరగాలని, అందిన సేవ భద్రమైనదో కాదో తేల్చే హక్కు దానిని అందుకున్నవారికే ఉండాలని ఆమె వాదించారు. ఆస్ట్రేలియాలో అంతకుముందే, 1971లో, సిడ్నీ నగరంలోని రెడ్‌ఫర్న్‌లో అక్కడి ఆదివాసులు తమ వైద్యశాలను తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు ఈ కొలబద్దను అన్వయిస్తే ఏం కనిపిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

అమ్రాబాద్ పీఠభూమి నిజాం రాజ్యంలో ఉండేది. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అక్కడి చెంచుల మధ్య గడిపి వారి జీవితాన్ని నమోదు చేశారు. ఆ పరిశీలన ఫలితంగా నిజాం ప్రభుత్వం ఆ దశకంలోనే పీఠభూమి మీద కొంత అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. మేలు కోరి చేసిన పనే అయినా, ఆ తర్వాత 80 ఏళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే తీరు ఇక్కడే మొదలైంది: చెంచుల బాగు ఏమిటో ఇంకొకరు నిర్ణయించడం, అది గీతగా, పటంగా, పథకంగా వారి దగ్గరకు రావడం. కృష్ణకు అవతలి కర్నూలు వైపున ఉన్నది బ్రిటిష్ పాలన. 1871 నాటి నేరస్థ తెగల చట్టం దారిలో కొందరు చెంచుల మీద, సుగాలీల (అటువైపు లంబాడాల పేరు) మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది. 1952లో చట్టం పోయింది గానీ, ముద్ర పోవడానికి గెజిట్ ప్రకటన ఒక్కటీ చాలలేదు.

స్వాతంత్ర్యం తర్వాత చెంచులు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. అచ్చంపేట తాలూకాలోని అటవీ గ్రామాలు, గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకించిన షెడ్యూల్డు ప్రాంతమయ్యాయి. 1970ల మధ్యలో, అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, ఆదిమ తెగలు అన్న ప్రత్యేక వర్గాన్ని కేంద్రం ఏర్పరచింది. చెంచులు అందులో ఉన్నారు. ఆ పేరులోని ఆదిమ అన్న మాటను తీసేసి, ముఖ్యంగా దుర్బలమైన తెగలు అని మార్చడానికి 2006 దాకా పట్టింది. పేరు మారినా, తమ గురించి తాము చెప్పుకునే మాట ఏ కాగితం మీదా లేదు.

ఇంతలో అడవి చట్టాలు బిగిశాయి. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ ప్రాజెక్టుగా నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని ప్రకటించాక, గడ్డలు తవ్వుకోవడానికి, తేనె తీయడానికి, బంక ఏరడానికి తరతరాలుగా తిరిగిన చోటే అనుమతి అడగవలసి వచ్చింది. తిండి మారింది. తవ్వితే దొరికే గడ్డలు, చిన్న వేట, ఇప్పపువ్వు తగ్గిపోయిన చోట రేషను బియ్యం కంచం నింపింది. రక్తహీనత గురించి మాట్లాడేవారు మాత్రల లెక్కతో పాటు ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. దీనికి తోడు, నక్సలైట్ల ఉద్యమం బలంగా సాగిన ఏళ్లలో ఈ అడవి గాలింపులకు, కాల్పులకు నెలవైంది. మొత్తం మీద పెంటలోని మనిషికి సర్కారు ఎక్కువగా ఖాకీ బట్టల్లోనే ఎదురైంది. ఆ తర్వాత అదే సర్కారు తెల్ల కోటు వేసుకుని వచ్చి చెయ్యి చాపమంటే, సూదికి భయపడుతున్నారని రాసుకోవడం తేలిక.

చెంచుల కోసం ఏర్పాటైన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం రాష్ట్ర విభజన దాకా కృష్ణకు అవతల, శ్రీశైలం పక్కనున్న సున్నిపెంటలో ఉండేది. 2014 తర్వాతనే తెలంగాణ చెంచులకు మన్ననూరులో సొంత కార్యాలయం వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవి లోపల దవాఖాన కట్టుకోవడానికి వీలిస్తుంది. భూమి హెక్టారు లోపు ఉండాలి, కూల్చే చెట్లు హెక్టారుకు 75కు మించకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే, అడవిని కాపాడాలి కనుక దవాఖాన సాధ్యం కాదన్న మాటకు చట్టం అండ లేదు. అసలు అడ్డంకి జనాభా లెక్కలో ఉంది. గిరిజన ప్రాంతంలో ఆరోగ్య ఉపకేంద్రానికి 3,000 మంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 20,000 మంది ఉండాలన్నది ప్రమాణం. మైదానంలో 5,000, 30,000 కనుక ఇది సడలింపే. కానీ 2011 లెక్కల్లో తెలంగాణ చెంచులంతా కలిపి సుమారు 17 వేల మంది. పదీ ఇరవై ఇళ్ల పెంటలు ఎన్ని కలిస్తే 3,000 అవుతుంది?

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు వస్తే కథ వేరు. ఇక్కడ గిరిజనులంటే ప్రధానంగా లంబాడాలు. రాష్ట్రం మొత్తం మీద వారు 20 లక్షలకు పైమాటే, అయినా తెలంగాణలో వారికి షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో గానీ రాలేదు. వారి తండాలు షెడ్యూల్డు ప్రాంతం బయట ఉన్నాయి. దేశంలోని గిరిజనుల్లో దాదాపు సగం మంది ఇలా గిరిజనులు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు వెలుపలే ఉన్నారని గిరిజనుల ఆరోగ్యం మీద 2018లో నివేదిక ఇచ్చిన అభయ్ బంగ్ కమిటీ ఎత్తిచూపింది. చెంచునీ లంబాడానీ ఒకే ఎస్టీ గడిలో కలిపి సగటు తీస్తే చెంచుల లోటు లంబాడాల సంఖ్యలో మునిగిపోతుంది, లంబాడాల ఇబ్బందేమో అడవి బొమ్మ వెనక మరుగవుతుంది.

లంబాడాల ఇబ్బందిలో మొదటిది భాష. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే ముసలమ్మ తన కడుపునొప్పి ఎలాంటిదో తెలుగులో చెప్పలేక, కొడుకు ముందు చెప్పలేని సంగతిని కొడుకు చేతే చెప్పించవలసి వస్తుంది. రెండోది ఒంటి మీది గుర్తులు. పాత తరం లంబాడా స్త్రీ మోచేతి పైన వేసుకునే గాజులు పెళ్లయిన దానికి గుర్తు, భర్త పోయినప్పుడు తీసేవి. రక్తపోటు చూసే పట్టీ సరిగ్గా అక్కడే కట్టాలి. గాజులు తియ్యమన్న మాట దవాఖాన సిబ్బందికి పనిలో భాగం, వినే ఆమెకు అపశకునం. ఒక నిమిషం ఆగి, ఎందుకో చెప్పి, ఆమెనడిగి దారి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఆషాఢంలో పిల్లల కోసం, పశువుల కోసం శీత్లా తల్లిని కొలిచే తండా జబ్బును అర్థం చేసుకునే తీరు కూడా ఇలాంటిదే. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టే మైదానపు ఇళ్లకు అది కొత్తగా తోచకూడదు, అయినా తండా దాకా వచ్చేసరికి దాన్ని మూఢనమ్మకమనడం మన అలవాటు.

మూడోది జ్ఞాపకం. 1999లోనూ 2001లోనూ దేవరకొండ తండాల ఆడశిశువులను తల్లుల నుంచి కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, దత్తత కేంద్రాల ద్వారా విదేశాలకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. 2001లో ప్రభుత్వం పేదరికం వంటి కారణాలతో బిడ్డను వదులుకోవడాన్ని నిషేధించింది. దళారుల మీద కేసులు నడిచాయి, కానీ బిడ్డను అమ్ముకునే తల్లి అన్న పేరు మాత్రం దళారుల కంటే ఎక్కువగా తండాలకే అంటుకుంది. మూడోసారీ ఆడపిల్ల పుట్టిన లంబాడా బాలింత వైపు కాన్పుల వార్డులో పడే చూపులో ఆ పేరు ఇంకా ఉంది.

గత పదేళ్లలో చాలా మారింది. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా అయింది, 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి, 2023 నవంబరులో దుర్బల తెగల కోసం కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్‌లో సంచార వైద్య వాహనాలకు చోటు దొరికింది. మహబూబ్‌నగర్, నల్లగొండ తర్వాత 2022లో నాగర్‌కర్నూల్‌కూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్, ప్రతి వైద్య విద్యార్థి మొదటి ఏడాది నుంచే కొన్ని గ్రామీణ కుటుంబాల ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండాలన్న కార్యక్రమాన్ని తెచ్చింది. ఆలోచన మంచిది, చదువుకునే రోజుల్లోనే ఒక ఇంటి గడప తొక్కడం పాఠ్యపుస్తకం నేర్పలేనిది నేర్పగలదు. దానికి పెట్టిన పేరు కుటుంబ దత్తత. ఆ పేరుతో ఒక విద్యార్థి దేవరకొండ తండాకు వెళ్లి, మిమ్మల్ని దత్తత తీసుకోవడానికి వచ్చానని చెబితే, లోపలున్న తల్లి మొదట ఏం చేస్తుందో ఆ పేరు పెట్టినవారు తండాలో ఎవరినీ అడిగి ఉండరు.