పటంలో తెల్లగా మిగిలిన నీళ్లు

నేల మీద హద్దురాయి పాతితే పక్క పొలంవాడు కదిపేదాకా అక్కడే ఉంటుంది. నీళ్లలో రాయి పాతేదెక్కడ? పైన ఓడ పోతుంటుంది, దాని కింద చేపల గుంపు ఈదుతుంటుంది, అడుగున ఇంటర్నెట్ కేబుల్ పడి ఉంటుంది. మూడూ ఒకే చోట, ఒకదానికొకటి అడ్డు లేకుండా. అదే చోట గాలిమర నిలబెడితే మాత్రం దాని కాలు అడుగు దాకా దిగుతుంది, నేలను రాసుకుంటూ లాగే వలకి దారి మూసుకుపోతుంది. అందుకే సముద్రాన్ని పంచుకునేటప్పుడు ‘ఎక్కడ’తో పాటు ‘ఎంత లోతున’, ‘ఏ నెలల్లో’ అని కూడా అడగాలి. ఈ మూడింటికీ కలిపి జవాబు వెతికే పనికి సముద్ర స్థల ప్రణాళిక అని పేరు.

అది సరిగ్గా కుదిరిన చోటు అమెరికాలోని బోస్టన్ రేవు. అక్కడికి పోయే ఓడల దారి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే మెరక మీదుగా సాగేది. ఆ మెరక ఇసుకలో సన్నటి చేపలు దాక్కుంటాయి. వాటిని తినడానికి తిమింగలాలు చేరేవి, ఓడలు వాటిని గుద్దేవి. తిమింగలాలను చూపించడానికి పర్యాటకులను తీసుకెళ్లే పడవల మీంచి, ఏది ఎక్కడ కనిపించిందో ఏళ్ల తరబడి రాసిపెట్టారు. ఆ చుక్కలన్నీ పటం మీద పెట్టి చూస్తే, దారికి కాస్త ఉత్తరాన పలచగా ఉన్నాయి. 2007లో దారిని అటు జరిపారు. ఓడలకి అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. బలీన్ తిమింగలాలను (పళ్లకి బదులు నోట్లో జల్లెడలాంటి పలకలుండేవి) గుద్దే ప్రమాదం 81 శాతం, వాటిలోనే అంతరించే దశలో ఉన్న రైట్ అనే జాతి తిమింగలాలకు 58 శాతం తగ్గుతుందని లెక్క తేలింది.

అన్ని పంపకాలూ ఇంత తేలిగ్గా తెగవు. ఆస్ట్రేలియా తీరాన ఉన్న పగడపు దిబ్బల వరస గ్రేట్ బారియర్ రీఫ్‌లో చేపలు పట్టకూడని భాగం 5 శాతం లోపే ఉండేది. ఆస్ట్రేలియా 2004లో దాన్ని మూడో వంతుకి పెంచింది. మూసిన చోట్ల చేపలు పెరిగాయి, నిజమే. జాలర్లకి ఇవ్వాల్సి వచ్చిన పరిహారం మాత్రం మొదటి అంచనాలకి ఎన్నో రెట్లయింది.

నాకు అనుమానమంతా పటాలు తయారయ్యే తీరు మీదే. ఓడ ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే ఏఐఎస్ అనే రేడియో పరికరం ఉంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులూ ఆ పైబడిన ఓడలకి అది తప్పనిసరి. యూరప్‌లో 15 మీటర్లు దాటిన చేపల పడవలకి కూడా. ఆ సంకేతాలతో పటం గీస్తే పెద్ద ఓడల దారులు తాళ్లు పరిచినట్టు కనిపిస్తాయి. ఆ పరికరం లేని చిన్న పడవ తాతల నాటి నుంచి తిరిగే నీళ్లు తెల్లగా మిగిలిపోతాయి. తెల్లగా ఉందంటే ఖాళీ అనుకుని, గాలిమరలకో ఇసుక తవ్వకానికో రాసిచ్చేస్తారు.

దీనికి విరుగుడు అడగడమే. చాలా చోట్ల జాలర్ల ముందు కాగితపు పటం పరిచి, రంగు పెన్సిల్ చేతికిచ్చి గీయమంటున్నారు. కానీ మంచి చేప పడే చోటు ఎవరు చెబుతారు? చెబితే రేపు పదిమంది అక్కడే వల వేస్తారు, లేదా అధికారులు దాన్నే మూసేస్తారు. అందుకని ఎవరి గీత ఎవరిదో తెలియకుండా అన్నీ కలిపి, పెద్ద పెద్ద గళ్లుగా మార్చి బయటపెడతారు. నమ్మకం లేనిచోట ఆ గళ్లు కూడా ఖాళీగానే వస్తాయి.

ఇక దేశాల మధ్య. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరదేశానికి 200 నాటికల్ మైళ్ల (సుమారు 370 కిలోమీటర్ల) వరకు వనరుల మీద హక్కు ఉంటుంది. రెండు తీరాల మధ్య దానికి రెట్టింపు దూరం లేని ఇరుకు సముద్రాల్లో గీతలు ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. యూరోపియన్ యూనియన్ 2014లో తన తీరదేశాలన్నీ 2021 మార్చికల్లా ప్రణాళికలు రాయాలనీ, రాసేటప్పుడు పొరుగుదేశాలతో మాట్లాడాలనీ ఆదేశించింది. కొన్ని దేశాలకి ఆ గడువు దాటిపోయింది.

ఉత్తర సముద్రం అంచున లోతు తక్కువగా ఉండే వాడెన్ సముద్రం ఒడ్డున నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ మాత్రం 1978 నుంచే కలిసి పనిచేస్తున్నాయి. 1988లో వైరస్ సోకి అక్కడి సీల్ జంతువుల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. రెండేళ్లకి మూడు దేశాలూ సీళ్ల కోసమే ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు ఏటా వేసవిలో, ఆటు వేళ సీళ్లు ఇసుక తిన్నెల మీదికి ఎక్కినప్పుడు, విమానాల మీంచి వాటిని లెక్కపెడతారు. మూడు దేశాల్లోనూ కూడబలుక్కుని ఒకే కాలంలో ఎగరాలి, లేకపోతే ఒకే సీల్ రెండు దేశాల లెక్కల్లోకి ఎక్కుతుంది.