రాతిలోని మూడు తమ్మెల జీవి

చిరంజీవులకు ఆశీస్సులు.

రాతిపలక మీద అడ్డగీతలతో బొద్దింకలా కనిపిస్తున్నది ఏమిటని మీరు ఫొటో పంపి అడిగారు. ట్రైలోబైట్, అంటే ఏనాడో అంతరించిన ఒక సముద్రజీవి శిలాజం, అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు గానీ, పేరు తెలిసినంత మాత్రాన రాయిని చూడటం వచ్చినట్టు కాదు కనుక, ఆ పేరు దాకా ఎలా చేరతారో రాస్తున్నాను.

ఖండాలుగా విడిన ఒళ్లు, పైన గట్టి కవచం, కీళ్లున్న కాళ్లు ఉంటే అది సంధిపాద జీవి. పీతలూ, తేళ్లూ, సీతాకోకచిలుకలూ ఆ వంశానివే. అయితే ట్రైలోబైట్ల వీపు కవచంలో మాత్రమే కాల్సైట్ అనే గట్టి సున్నపు ఖనిజం ఉండేది. మెత్తని కాళ్లు సాధారణంగా కుళ్లిపోయాయి, వీపు మాత్రం రాయిగా నిలిచింది. అందుకే మనం చాలావరకు వీపును చూసే తీర్పు చెప్పాలి.

పేరులోని మూడు తమ్మెలంటే తల, నడుము, తోక అని చాలామంది పొరబడతారు. నిజానికి అవి నిలువుగా ఉంటాయి: నడుమ ఉబ్బెత్తుగా ఒకటి, దానికి ఇరుపక్కలా చెరొకటి. అడ్డంగా చూస్తే తల, ఖండాల నడుము, అతుక్కుపోయిన తోకపలక అనే వేరే లెక్క వస్తుంది. ఈ రెండు లెక్కలూ ఒకే రాతిలో కలిసి కనిపిస్తే గుర్తింపు దాదాపు ఖాయమైనట్టే.

వర్గీకరణకు మాత్రం తల దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. తల నడుమ బుడిపె, కళ్లు, కళ్లను ఆనుకుని సాగే సన్నని అతుకుగీత, ఈ మూడూ చాలా సంగతులు చెబుతాయి. కుబుసం విడిచే వేళ కవచం సాధారణంగా ఆ అతుకు వెంటే విచ్చుకుని, చెంపపలకలు ఊడిపోయేవి. ఒక్క జీవి బతుకులో ఎన్నో కుబుసాలు విడుస్తుంది కనుక మనకు దొరికే ముక్కల్లో చాలా భాగం చచ్చిన జీవులు కావు, అవి బతికుండగా విడిచిన చొక్కాలు. తొలికాలపు ఒలెనెల్లస్ అనే ట్రైలోబైట్ రకానికి వీపు వైపు ఆ అతుకే లేదు. ఫాకాప్స్ అనే మరో రకం కంటిలోని కటకాలు విడివిడిగా, భూతద్దంతో లెక్కపెట్టగలిగేంత పెద్దవి. అగ్నోస్టస్ తరహా వాటికి నడుములో రెండే ఖండాలు, తలా తోకా ఒకే పోలిక. ఈ చివరివి అసలు ట్రైలోబైట్లేనా అని పండితులు వాదించుకున్నారు. ఖండాలు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: పిల్లజీవికి ఎదిగేకొద్దీ నడుములో ఖండాలు పెరుగుతాయి, కాబట్టి తక్కువ ఉన్నాయని కొత్త జాతి అనేయకూడదు.

ముక్కను చూసి మొత్తం ఊహించడంలో పెద్దలే ఎంత తడబడ్డారో వినండి. కెనడాలో దొరికిన ఒక వంకర అవయవాన్ని 1892లో వైటీవ్స్ అనే శిలాజ శాస్త్రవేత్త రొయ్యలాంటి జీవి ఒళ్లనుకుని అనొమలోకారిస్ అని పేరు పెట్టాడు. అక్కడే బర్జెస్ షేల్ అనే శిలాజాల రాతిపొరల్లో దొరికిన గుండ్రని పళ్లచక్రాన్ని 1911లో వాల్కాట్ అనే మరో శాస్త్రవేత్త జెల్లీఫిష్ అన్నాడు. మరో ఒంటిముద్రను సముద్రదోసకాయ అన్నాడు. అవన్నీ ఒకే రకం వేటజీవుల ముక్కలని విటింగ్టన్, బ్రిగ్స్ 1985లో తేల్చారు: వంకర అవయవం తల ముందర ఎరను పట్టుకునే కొమ్ము, చక్రం నోరు. ఆ తరువాత మరింత పరిశీలిస్తే ఆ చక్రం అనొమలోకారిస్‌ది కాదనీ, దాని దగ్గరి చుట్టమైన పెయ్టోయాదనీ తెలిసింది! సరిదిద్దినదాన్ని మళ్లీ సరిదిద్దడం ఈ విద్యలో మామూలే.

ఇక కాలం. ట్రైలోబైట్లు సుమారు 52 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో మొదలై, దాదాపు 25.2 కోట్ల ఏళ్ల కిందట పెర్మియన్ అనే భూయుగం చివర పూర్తిగా అంతరించాయి. అంత కాలంలో వాటి రకాలు మారుతూ వచ్చాయి, అందుకే రాయి ఏ పొరలోదో తెలియకపోతే గుర్తింపు సగమే.

మీ ఫొటోలో వెలుగు నేరుగా పడి తల చదునుగా కనిపిస్తోంది. దీపం పక్కగా వాలుగా పెట్టి, కొలబద్ద ఆనించి మళ్లీ తీసి పంపండి. చెంపపలకలు ఉన్నాయో ఊడిపోయాయో చూసి, అది జీవో కుబుసమో అప్పుడు చెబుతాను.

మీ తాతయ్య